ఎట్టకేలకు గుర్తుకు వచ్చిన టెలిఫోన్ నంబరు

1995వ సంవత్సరము జనవరి 12వ తేదీ రాత్రి, న్యూయార్కు నగరమందలి వాల్డార్ఫ్ ఆస్టోరియా హోటలులో, 'రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్' అను కీర్తిమందిరమువారి సాంవత్సరిక సన్మానసభ జరుగుచుండగా, లెడ్ జెపెలిన్ బృందములో బేస్ గిటారును, కీబోర్డును వాయించిన జాన్ పాల్ జోన్స్ అను నలువదితొమ్మిదేండ్ల సంగీతకారుడు, తన వంతు రాగా మైకు ముందు నిలిచి, పూర్వసహచరులైన జిమ్మీ పేజ్, రాబర్ట్ ప్లాంట్ ఇరువురును అదే వేదికపై నుండగా, ఎట్టకేలకు తన టెలిఫోన్ నంబరు జ్ఞప్తికి తెచ్చుకొన్నందులకు తన మిత్రులకు కృతజ్ఞతలని చెప్పెను. సభ నవ్వెను. జోన్స్ ఆ విషయమును అంతకుమించి సాగదీయలేదు.

సన్మానసభలలో సంగీతకారులు ఆడు ఇట్టి పరిహాసములను మనము సాధారణముగా విందులో వడ్డించిన ఊరగాయవలె రుచి చూచి మరచిపోవుదుము. నాకు మాత్రము ఈ ఒక్క వాక్యము ఏండ్లు గడచినను మరపునకు రాలేదు. పండ్రెండేండ్ల సహవాసమునకు, సహచరుని మరణమునకు, చెప్పకుండ చేసిన ఒక వెలివేతకు వారసత్వముగా వచ్చిన నొప్పినంతటిని ఒక మనుష్యుడు ఒక్క ఊపిరిలో, ఎవ్వరిని తిట్టక, ఏ నిజమును దాచక, లోకము ముందు ఉంచగలుగుట చిన్న విద్య కాదని నా నమ్మకము. ఆ విద్యను గూర్చియే ఈ నాలుగు మాటలు.

జెపెలిన్ అనగానే లోకమునకు ముందుగా స్ఫురించునది ప్లాంట్ కంఠము, పేజ్ గిటారు, జాన్ బోన్‌హామ్ డ్రమ్ముల మోత. నాల్గవవాడు నీడపట్టున నిలిచినవాడు. అయినను ఆ నాల్గవవాడు లేకున్నచో తక్కిన ముగ్గురి సంగీతము ఏ రూపము తాల్చియుండునో ఊహించుట కష్టము. బృందములో చేరకముందే ఆయన లండను స్టూడియోలలో పేరుమోసిన వాద్యసంయోజకుడు. 1967లో రోలింగ్ స్టోన్స్ వారి 'షీ ఈజ్ ఎ రెయిన్‌బో' అను పాటకు తంత్రీవాద్యముల కూర్పు చేసినవాడు ఆయనయే. 1968లో పేజ్ కొత్త బృందమును కూర్చుచున్నాడని తెలిసి, పిలుపు కొరకు కాచుకొనక, తనకు అందు చోటు కలదా అని తానే ముందుగా అడిగినవాడును ఆయనయే. బేస్ గిటారు, పియానో, ఆర్గన్, మెలోట్రాన్, మాండలిన్ – ఏ వాద్యము అవసరమైన దానిని చేతబట్టి, పాటకు పునాది వేసి, ఆ పునాదిమీద మేడ కట్టినవారికి కీర్తిని వదలి, తాను వెనుక నిలిచెడి స్వభావము ఆయనది. ప్రతి నాటక సమాజములోను, ప్రతి భజన మేళములోను ఇట్టివాడొకడు ఉండును; అతడు రాని రోజున గాని అతని విలువ ఎవరికిని తెలియదు.

1973లో వెలువడిన 'హౌసెస్ ఆఫ్ ది హోలీ' అను ఆల్బములోని 'నో క్వార్టర్' అను పాట విశేషముగా ఆయన సొత్తు. మంచుపొగలో మునిగిన లోయలోనుండి వచ్చుచున్నట్లు వినబడు ఆ కీబోర్డు నాదమే దానికి ప్రాణము. కచేరీలలో ఆ పాట వచ్చినప్పుడు, మిగిలిన పాటలలో చీకటిని కోరుకొనువాడు దీపకాంతిలోనికి వచ్చి, చాలసేపు తన ఇచ్చవచ్చినట్లు దానిని పెంచి వాయించెడివాడు. 1975 నాటి 'కశ్మీర్' పాట సంగతి మరియొక విధము. అందలి మెలోట్రాన్ నాదమును, తంత్రీవాద్యముల, బూరల కూర్పును ఆయన చేసెను. అయినను కర్తల పట్టికలో పేజ్, ప్లాంట్, బోన్‌హామ్ పేర్లే కలవు, జోన్స్ పేరు లేదు. దీనిని గూర్చి ఆయన వీథికెక్కిన జాడ లేదు.

1980 సెప్టెంబరు 25న బోన్‌హామ్ మరణించెను. ఆ డిసెంబరు నెలలో, మిత్రుడు లేకుండ మునుపటివలె కొనసాగజాలమని మిగిలిన ముగ్గురును ప్రకటించి విడిపోయిరి. అది గౌరవప్రదమైన విరమణ. కాని 1994లో అమెరికాలోని ఎం.టి.వి. కొరకు పేజ్, ప్లాంట్ ఇరువురు మాత్రము మరల కలిసి, మొరాకోలోను, వేల్సులోను, లండనులోను, ఈజిప్టు వాద్యకారులను, తంత్రీవాద్యబృందమును కూడగట్టుకొని, పాత జెపెలిన్ పాటలను కొత్తగా వాయించిరి. ఇన్ని దేశముల వాద్యకారులకు కబురు వెళ్లెను గాని జోన్స్‌కు మాత్రము కబురు వెళ్లలేదు. ఆ సమయమున ఆయన డయమాండా గాలస్ అను గాయనితో కలిసి జర్మనీలో కచేరీలు చేయుచుండెను. బసలో టెలివిజను పెట్టి చూచినప్పుడు, తన సహచరులు పాడుచుండగా, తాను వాయించిన భాగములను మరియొకరు వాయించుచుండుట కంటబడెనని, అప్పుడు తనకు కోపము వచ్చెనని, ఎవరికైనను వచ్చునని ఆయన తరువాత చెప్పుకొనెను.

ఆ దృశ్యమును ఒక్క క్షణము మన యెదుట నిలుపుకొందము. పరదేశపు బస, ముందున్న తెరమీద తన యౌవనమంతయు, అందులో తాను తప్ప అందరును. బేస్ గిటారు పట్టినవాని పేరు చార్లీ జోన్స్. ఇంటిపేరు సైతము అదే. ఆ కార్యక్రమమునుండి వెలువరించిన ఆల్బమునకు వారు పెట్టిన పేరు 'నో క్వార్టర్'. ఎవరి పాటగా లోకము ఎరుగునో ఆ పాట పేరునే తలకెత్తుకొని, అతనిని మాత్రము పిలువలేదు. ఇది బుద్ధిపూర్వకముగా చేసిరని నేననజాలను. మనుష్యులు ఒకరినొకరు మిక్కిలిగా గాయపరచునది పగతోకంటె మరపుతోనని నా అభిప్రాయము. పగలో నీవున్నావను గుర్తింపైనను ఉండును. మరపులో అదియును లేదు.

ఇందు మరియొక ఘట్టము కలదు. జోన్స్ ఎక్కడ అని విలేఖరులు అడిగినప్పుడు, ఆయన కారు నిలుపుటకు వెళ్లియున్నాడని ప్లాంట్ బదులు చెప్పినట్లు ప్రసిద్ధి. అక్కడివారును నవ్వియుందురు. ఈ రెండు పరిహాసములను, ప్లాంట్ మాటను, జోన్స్ మాటను, పక్కపక్కన పెట్టి చూచినప్పుడు గాని ఈ విషయములోని బరువు నాకు బోధపడలేదు. దానికి మరల వత్తును.

మన ఆలంకారికులు వ్యాజస్తుతి అని ఒక అలంకారమును చెప్పిరి. స్తుతివలె కనుపించి నిందగా పరిణమించునది, నిందవలె కనుపించి స్తుతిగా పరిణమించునది రెండును అదే. జోన్స్ వాక్యము ఆ లక్షణమునకు ఎక్కడను తప్పని ఉదాహరణము. పైకి అది కృతజ్ఞత. సన్మానసభలో ఎవ్వరైనను చెప్పవలసినది అదియే. కాని 'ఎట్టకేలకు' అనుటలో ఇన్నాళ్లు జ్ఞప్తిలో లేదను ఫిర్యాదు ఇమిడియున్నది. 'నంబరు' అనుటలో, పిలుచుట ఎంత తేలికైన పనియో, పది అంకెలు త్రిప్పినచో తీరిపోయెడిది ఎట్లు తీరలేదో, ఆ లెక్క ఇమిడియున్నది. ఫిర్యాదును ఆయన హృదయభాషలో చెప్పలేదు. నన్ను మరచితిరి, నన్ను నొప్పించితిరి అని అనలేదు. గోడమీది టెలిఫోను వరకు దానిని తగ్గించి చెప్పెను. తగ్గించుటవలననే అది అందరికిని అందెను. ఏ శ్రోతయైనను, ఎప్పుడో ఎవరి పిలుపు కొరకో ఎదురుచూచి, అది రాక, ఇంటిలో నడచిన రాత్రి యొకటి గలవాడే గదా. ఇక 'మిత్రులారా' అను సంబోధనము. ఈ వాక్యమునకు ఇరుసు ఇదియేనని నా విశ్వాసము. ఆ మాట లేకున్నచో మిగిలినది దెప్పిపొడుపు. ఆ మాట ఉండుటచేత అది మిత్రుడు మిత్రునిపై చేసిన ఫిర్యాదు అయ్యెను.

ఈ సంగతి తెలుగువానికి వివరించి చెప్పనక్కరలేదు. కాసుల పురుషోత్తమకవి ఆంధ్రనాయక శతకములో శ్రీకాకుళాంధ్రదేవుని పద్యపద్యమునను నిందించుచునే కొలిచెను. భద్రాచల రామదాసు చెరసాలలోనుండి రాముని నిలదీసి, చేయించిన నగలకు లెక్కలు చెప్పి, మరుక్షణమే నొచ్చుకొని మన్నింపు కోరెను. నిందాస్తుతి చేయుటకు చనువు కావలెను. చనువు తెగినచోట తిట్టు మిగులును, లేదా మౌనము మిగులును. కనుకనే జోన్స్ ఆ రాత్రి నోటివెంట పరిహాసము రాగలుగుట, బంధము తెగలేదనుటకు నాకు సాక్ష్యముగా తోచును.

వాద్యబృందమనునది ఉమ్మడి కాపురమువంటిది, ఒక్క భేదముతో: ఉమ్మడి కాపురములో పుట్టి పెరుగుదుము, బృందములో ఇరువదేండ్ల ప్రాయమున కోరి చేరుదుము. డబ్బు లేని రోజులలో ఒకే బండిలో, ఒకే గదిలో ప్రయాణములు. డబ్బు వచ్చిన తరువాత వేరువేరు బండ్లు, వేరువేరు న్యాయవాదులు. పాట ఎవరు వ్రాసిరి, ఎవరు సవరించిరి, ఎవరు వాయించుటచేత అది పాట అయినది అను ప్రశ్నలకు ఆ గదిలో ఉన్నప్పుడు ఎవ్వరును జవాబు వెదకలేదు. రికార్డు అట్టమీద ఎవరి పేరు పడినదో దానినిబట్టి ఇరువదేండ్ల తరువాత ఒకనికి జీవితాంతము రాబడి వచ్చుచుండును, మరియొకనికి రాదు. తగవులు ఇక్కడ పుట్టును. పైగా, ఈ కీర్తిమందిరమువారి నియమము ప్రకారము, మొదటి రికార్డు వెలువడి 25 సంవత్సరములు గడచిన పిమ్మట గాని ఎవ్వరును సన్మానమునకు అర్హులు కారు. అనగా, ఇరువదియైదేండ్ల వయసున మిత్రులైనవారిని, తగవులు పండి ముదిరిన ఏబదవ యేటికి దగ్గరగా, మంచి దుస్తులు తొడిగించి, భోజనపు బల్లలముందు, ఒకే వేదికమీద నిలువబెట్టుదురు. ఇంతకంటె క్లిష్టమైన పరీక్ష మరియొకటి ఉండదు. కొందరు రారు. కొందరు వచ్చి కలిసి వాయింపరు. 1993లో క్రీడెన్స్ క్లియర్‌వాటర్ రివైవల్ బృందమును సన్మానించినప్పుడు జాన్ ఫోగర్టీ తన పాత సహచరులు ఇరువురితో కలిసి వాయించుటకు నిరాకరించి, అన్యులతో కలిసి ఆ పాటలను పాడెను.

అయితే 1988 జనవరిలో ఇదే వాల్డార్ఫ్ ఆస్టోరియాలో జరిగిన సభవంటి సభ మరియొకటి జరుగలేదనవచ్చును. ఆ రాత్రి బీటిల్స్, బీచ్ బాయ్స్, బాబ్ డిలన్ అందరికిని ఒకే వేదికమీద సన్మానము. బీటిల్స్ పక్షమున జార్జ్ హారిసన్, రింగో స్టార్ వచ్చిరి. కాలము చేసిన లెనన్ తరపున భార్య యోకో ఓనో, కుమారులిరువురు వచ్చిరి. పాల్ మెకార్ట్నీ రాలేదు. వ్యాపారపు తగవులు తీరక యుండగా, వేదికమీద నవ్వుచు చేతులూపి కలయికను నటించినచో అది కపటమగునని ఆయన ప్రకటన పంపెను. ఆ మాటలో నిజాయితీ లేదని నేననను. అయినను ఆ ప్రకటన చదివినప్పుడు నాకు చలి వేసినట్లుండును. నిజమును కాగితముమీద పెట్టి పంపుటకును, నిజమును మోసికొని తాను వచ్చుటకును భేదము కలదు.

హారిసన్ వచ్చెను. బీటిల్స్ నలువురిలో మాటకారి కానివాడని ఆయనకు లోకము ఎన్నడో పేరు పెట్టియుండెను. మైకు ముందు నిలిచి, తాను మౌనబీటిల్‌ను గనుక చెప్పుటకు అంతగా ఏమియు లేదని, పాల్ రాకపోవుట విచారకరమని, ఎందుకనగా ఉపన్యాసము అతని జేబులోనే ఉన్నదని ఆయన చెప్పెను. ఈ రెండు మాటలలో ఎంత జరిగినదో చూడుడు. లేనివాని పేరు పలుకుటకు జంకలేదు. అతనిపై వ్యాజ్యముల ప్రసక్తి తేలేదు. మెకార్ట్నీ మాటనేర్పరి, బృందమునకు వక్త, ముందు నడచువాడు అను చిరకాలపు వాస్తవమును, హారిసన్‌కు యౌవనములో నొప్పి కలిగించిన వాస్తవమునే, ఇప్పుడు అతని కొరతగా మార్చి చెప్పెను: నీవు లేకపోతివి గనుక మాకు మాటలు లేవు. లేనివానికి దీనికి మించిన స్థానము ఎవ్వరు ఇయ్యగలరు? అందరును నవ్వుచుండగా ఆ ఖాళీ కుర్చీకి మర్యాద దక్కెను.

అదే రాత్రి బీచ్ బాయ్స్ బృందమునకు చెందిన మైక్ లవ్ వచ్చి, సామరస్యమును గూర్చి పలుకుచునే క్రమముగా కోపమునకు వశుడై, రాలేదని మెకార్ట్నీని ఎత్తిపొడిచి, ఎదుటనున్న రోలింగ్ స్టోన్స్ గాయకుడు మిక్ జాగర్‌ను పిరికివానిగా దూషించి, సవాళ్లు విసరెను. సభ నొచ్చుకొనెను. నేనీ మనుష్యుని పరిహసించుటకు ఈ ప్రస్తావన తేలేదు. ఆయనకు నిజమైన గాయము ఉండెను. తాను మాటలు కూర్చిన పాటలు ఎన్నిటికో తన పేరు దక్కలేదను ఆయన ఫిర్యాదును 1994లో న్యాయస్థానము అంగీకరించి, ముప్పదియైదు పాటలకు సహకర్తృత్వమును కల్పించెను. అనగా ఆయన పక్షమున న్యాయమున్నది. అయినను ఆ రాత్రిని తలచుకొనువారు ఆయన న్యాయమును తలచుకొనరు, ఆయన కేకలను తలచుకొందురు. ఇది న్యాయమా అని అడిగినచో కాదనియే చెప్పవలెను. కాని లోకపు చెవి అట్టిది. పెద్ద గొంతుకతో చెప్పిన నిజము దానికి గొంతుకగానే వినబడును. తరువాత మైకు ముందుకు వచ్చిన డిలన్, తన కృతజ్ఞతల నడుమ, తన పేరెత్తనందుకు మైక్ లవ్‌కు కృతజ్ఞతలని ఒక మాట చెప్పి, బిగుసుకొనిపోయిన సభను సడలించెను.

ఇంతవరకు చెప్పినదానినిబట్టి పరిహాసమాడినవారందరును సజ్జనులనియు, ఆడనివారందరును కఠినులనియు పాఠకుడు తలచినచో అది నా లోపమగును. పరిహాసము ఎవరి నోట వచ్చుచున్నది, ఎవరిమీద వచ్చుచున్నది అనునదే ముఖ్యము. ఇందుకే ప్లాంట్ మాటకు మరల వత్తునంటిని. 'కారు నిలుపుటకు వెళ్లెను' అనుటయు, 'నా నంబరు జ్ఞప్తికి వచ్చెను' అనుటయు, రెండును క్లుప్తమే, రెండును చమత్కారమే. మొదటిది పిలువనివాడు, పిలువబడనివానిని గూర్చి, అతడు లేనిచోట పలికినది. దానితో విలేఖరి అడిగిన న్యాయమైన ప్రశ్న నవ్వులో కొట్టుకొనిపోయెను, తాళపుచెవులు చేతబట్టిన సేవకునివంటి బొమ్మ ఒకటి జోన్స్ స్థానమున నిలిచెను. రెండవది పిలువబడనివాడు, పిలువనివారిని గూర్చి, వారి ముఖముననే పలికినది. దానితో అణగిపోయిన ప్రశ్న మరల లేచి నిలిచెను. ఒకటి నిజమును మూసివేయుటకు ఆడిన పరిహాసము, రెండవది నిజమును తెరచుటకు ఆడినది. ప్లాంట్ దుష్టుడని నా తాత్పర్యము కాదు. ఇబ్బందికరమైన ప్రశ్న ఎదురైనప్పుడు నోటికి అందిన మాటతో తప్పించుకొనని వారెవరు? కాని బలిమి గలవాని చమత్కారము ఎంత సులభముగా కత్తియగునో తెలిసికొనుటకు దానిని జ్ఞప్తియందుంచుకొనుట మంచిది.

ఈగిల్స్ బృందపు కథలో ఈ చిక్కు మరింత స్పష్టముగా కనుపించును. 1980 జులైలో కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్ నగరమున ఒక సెనేటరు కొరకు చేసిన కచేరీలో, గ్లెన్ ఫ్రే, డాన్ ఫెల్డర్ ఇరువురు గిటారిస్టులు, శ్రోతలకు మధురముగా పాడుచునే, పాట పాటకు నడుమ ఒకరినొకరు బెదరించుకొనుచు, కచేరీ ముగిసి కొట్టుకొనుటకు ఇంక ఎన్ని పాటలు మిగిలియున్నవో లెక్క పెట్టుకొనిరి. బృందము విడిపోయెను. 1994లో మరల కలిసినప్పుడు, తాము విడిపోనేలేదని, పదునాలుగేండ్ల సెలవు తీసికొంటిమని ఫ్రే వేదికమీద చెప్పెను. 1998 జనవరిలో కీర్తిమందిరపు సన్మానమునకు పాత, కొత్త సభ్యులు ఏడుగురును వచ్చి కలిసి వాయించిన రాత్రి, లోకము అనుకొనునట్లు కాదు, మేము బాగుగనే ఉంటిమి, కాకున్న తరచుగా ఏకీభవింపకపోతిమి అను అర్థము వచ్చునట్లు ఆయన పలికెను. మంచి మాట. శ్రోతలు సంతోషించిరి. మూడేండ్లకు, 2001లో, ఫెల్డర్‌ను బృందమునుండి తొలగించిరి. రాబడి వాటాలలో తనకు అన్యాయము జరిగెనని ఆరోపించుచు ఆయన న్యాయస్థానమునకు ఎక్కెను. ఆ వ్యాజ్యము 2007లో గాని రాజీతో తెమలలేదు. ఫ్రే పలికిన మాట అబద్ధమని దీనిచేత సిద్ధింపదు. కాని ఆ మాట ఇంటి యజమాని మాట. వాటాలు నిర్ణయించువాడు తగవును తేలికచేసి చెప్పుట సులభము. వాటా తగ్గినవాడు దానిని అంత తేలికగా చెప్పజాలడు.

గాయపడినవాడు పరిహాసమాడి తీరవలెనని శాసించుటకు కూడ మనకు హక్కు లేదు. తన పాటలమీది హక్కులు చేజారిన వ్యవహారములో సహచరులు తన పక్షమున నిలువలేదను బాధను ఏండ్ల తరబడి మోసిన ఫోగర్టీని, ఒక చమత్కారము విసరి కలిసి వాయించియుండరాదా అని అడుగుటకు మనమెవరము? కొన్ని గాయములు మాటకు లొంగవు. నవ్వుమని గాయపడినవానిని తొందరపెట్టుట మరియొక విధమైన అన్యాయము. మన ఇండ్లలోను, పెండ్లి పందిళ్లలోను, 'పోనిద్దూ, నలుగురిలో ఎందుకు' అని నష్టపోయినవానినే సముదాయించుట మనమెరుగనిది కాదు. జోన్స్ ఆ సముదాయింపునకు లొంగలేదు. నలుగురిలోనే చెప్పెను. నలుగురిలోనే చెప్పుటకు వీలగు రూపమును తన బాధకు తానే కూర్చుకొనెను. వాద్యములను కూర్చినవాని చేతికి అది తెలిసిన పనియే.

మన సన్మానసభలను తలచినప్పుడు నాకు ఈ విషయమున దుఃఖము కలుగును. శాలువ కప్పుదురు, పూలమాల వేయుదురు, సన్మానపత్రము చదువుదురు. సన్మానితుడు లేచి, తాను దీనికి అర్హుడను కానని, ఇదంతయు పెద్దల ఆశీర్వచనమని చెప్పి కూర్చుండును. ఇరువదేండ్లు తనను పిలువని సంస్థ ఈనాడు పిలిచినందుకు అతని గుండెలో ఏమి మెదలుచున్నదో, తనతో కలిసి పని చేసి పేరు దక్కక పోయినవారు ఎందరో, ఆ మాట ఒక్కటియు పైకి రాదు. అందరును మర్యాద పాటించినట్లే. ఒక్కరును మనసు విప్పినట్లు కాదు. చాటుపద్యమునకు, నిందాస్తుతికి పుట్టినిల్లయిన భాషలో, నిండుసభలో ఆప్యాయముగా నిజము చెప్పు మాటకు ఇంత కరవు రావలసిన పని లేదు.

ఆ 1995 జనవరి రాత్రి జోన్స్ తన మాట చెప్పి వెళ్లిపోలేదు. సన్మానముల పిమ్మట వాయిద్యము చేతబట్టి, తనను మరచిన ఇరువురితో కలిసి వాయించెను. అదే రాత్రి సన్మానము పొందిన నీల్ యంగ్ సైతము వచ్చి వారితో చేరెను. కలిసి వాయించుట అనగా ఏమియో వాద్యకారులకు తెలియును. ఒకని శ్వాసను మరియొకడు కనిపెట్టవలెను, చూపు కలుపవలెను, అతడు ఎక్కడ ఆగునో తాను అక్కడ ఆగవలెను. మనసులో ముల్లు పెట్టుకొని ఈ పని సాగదు; ముల్లు ఉన్నదని చెప్పిన తరువాత సాగవచ్చును. మెకార్ట్నీ విషయములో కూడ కాలము కొంత కరుణించెను. 1994 జనవరిలో లెనన్‌కు ప్రత్యేకముగా జరిగిన సన్మానమునకు ఆయన స్వయముగా వచ్చి, చనిపోయిన మిత్రునికి వ్రాసిన లేఖను చదివి, యోకో ఓనోను కౌగిలించుకొనెను. ఆ పిమ్మట ఆయన, హారిసన్, స్టార్ కలిసి లెనన్ విడిచిపోయిన ఒక పాటను పూర్తిచేసి 1995లో విడుదల చేసిరి.

టెలిఫోను మరల మ్రోగుటకు జోన్స్ మరి పండ్రెండేండ్లు వేచియుండవలసి వచ్చెను. జెపెలిన్ బృందమును తొలినాళ్లలో తన రికార్డు సంస్థలో చేర్చుకొన్నవాడును, ఆ కీర్తిమందిరమును నెలకొల్పినవారిలో ఒకడును అయిన అహ్మత్ ఎర్టెగన్ 2006 డిసెంబరులో మరణించగా, ఆయన స్మారకముగా 2007 డిసెంబరు 10న లండనులోని ఓ2 అరీనాలో పేజ్, ప్లాంట్, జోన్స్ ముగ్గురును, బోన్‌హామ్ కుమారుడు జేసన్ డ్రమ్ముల ముందు కూర్చుండగా, నిండుకచేరీ చేసిరి. ఆ రాత్రి నడిమి భాగమున దీపములు తగ్గెను. వేదికమీద తెల్లని పొగ పరచుకొనెను. అరువదియొకటేండ్ల జోన్స్ కీబోర్డు ముందు కూర్చుండి, 'నో క్వార్టర్' మొదలుపెట్టెను. మిగిలిన ఇరువురును ఆయన స్వరము కొరకు కాచుకొని నిలిచియుండిరి.